మోటారు పందెములు: పిలుపెవరిది, భారమెవరిది?

ఇంటికి చుట్టములు రానున్నారన్న వార్త వినగానే పురుషుల కన్నులకు పందిరియు బాజాలును కనబడును. స్త్రీల కన్నులకు బియ్యపు గుమ్మియు నీళ్ల గోలెమును కనబడును. ఇందు తప్పేమియు లేదు. పందిరి ఒకనాటిది, గుమ్మి ఏడాది పొడుగునను ఇల్లు నడుపవలసినది. మన రాష్ట్రమున కొన్ని యేండ్లుగా చెలరేగుచున్న యొక పెద్ద వివాదమును గుమ్మి ప్రక్కన నిలిచి చూచినచో ఎట్లు తోచునో మీతో ముచ్చటింపవలెనని నా యుద్దేశము. అది మోటారు కార్ల పందెముల వివాదము. ఇది మగవారి ముచ్చట యని మీరు పుట మరలింపవలదు. పందెమునకు వెచ్చించు ధనము మన గుమ్మిలోనిదే. పందెములాడ గోరు పిల్లలు మన పిల్లలే.

మా యిల్లు కరీంనగరున గలదు. మొన్న నొక సాయంకాలము మా అన్నగారి కుమారుడు అరుగుమీద కూర్చుండి ఫోనులో న్యూజిలాండు దేశపు కార్ల పందెము నొకదానిని చూచుచుండెను. కార్లు ఒకదానినొకటి గ్రుద్దుకొనుచు, మట్టి యెగజిమ్ముచు గుండ్రముగా తిరుగుచుండెను. వాడు తలయెత్తి, "అత్తా! గిసుంటివి మన కరీంనగరుల ఎందుకు పెట్టరు? మానేరు కట్ట పక్కన గంత జాగ ఉన్నది గద!" అనెను. పాలిటెక్నిక్కున చదువుచున్న వాని చెల్లెలు, "హైదరాబాదులనే రెండో యేడు నిలువలేదు, ఇక్కడ నిలుస్తదా?" అని యెదురాడెను. బియ్యమేరుచున్న మా అమ్మ చేటను ప్రక్కకు నెట్టి, "పిలిచెటోళ్లెవరు బిడ్డా? వండెటోళ్లెవరు?" అని యడిగెను. పిల్లలిద్దరును నవ్విరి. "పందేలకు వంటెందుకే నాయనమ్మా!" అనిరి. ఆమె నవ్వలేదు. "పిలుపు ఒకళ్లది, పొయ్యి ఇంకొకళ్లదైతే ఆ ఇంట్ల విందు నిలువది" అని మరల చేట నందుకొనెను.

ఆ మాట నన్ను విడువలేదు. నాకు దెలిసినంతవరకు విషయమును క్రమముగా చెప్పెదను. తుదితీర్పు మీరే చేయుదురుగాక.

ముందుగా ఆట యెట్టిదో తెలిసికొందము. ఆంగ్లమున "స్టాక్" అనగా అంగడిలో అమ్మకమున కుంచిన సరకు. పందెమునకై ప్రత్యేకముగా చేయించిన కారు గాక, అంగడిలో నెవరైనను కొనదగిన కారుతో ఆడు పందెమగుటచేత దీనికి స్టాక్ కార్ల పందెమని పేరు వచ్చినది. నేడా కార్లును ప్రత్యేకముగానే తయారగుచున్నవి. పేరు మాత్రము నిలిచినది. అమెరికాలో ఈ యాటను నడపుటకు 1948 ఫిబ్రవరిలో నాస్కార్ అను సంఘ మేర్పడినది. 1949 జూన్ 19 వ తేదీన షార్లట్ నగరమున జరిగిన ఆ సంఘపు మొదటి స్టాక్ కార్ల పందెమున సారా క్రిస్టియన్ అను స్త్రీ పురుషుల సరసన బరిలో దిగెను. మరుసటి నెలలో డేటోనా సముద్రతీరమున జరిగిన పందెమున ఆమెతోబాటు లూయీస్ స్మిత్, ఎథెల్ మోబ్లీ అను మరి యిద్దరు స్త్రీలు పాల్గొనిరి. ఎథెల్ మోబ్లీ తన అన్నదమ్ములతోనే పోటీపడెను. కావున ఈ యాట పుట్టినప్పుడే స్త్రీ దాని ప్రక్కన నున్నది. తరువాత నెవరో తెచ్చి చేర్చినది కాదు.

న్యూజిలాండు దేశమున ఈ యాట మరియొక రూపము దాల్చినది. అచ్చటి జట్ల పందెము మన కబడ్డీకి దగ్గరగా నుండును. జట్టునకు నాలుగు కార్లు. వానిలో కొన్ని పరుగెత్తు కార్లు, కొన్ని అడ్డుపడు కార్లు. అడ్డుపడువారు ప్రతిపక్షపు కార్లను గోడకు నెట్టి, తమ జట్టువానికి దారి సిద్ధము చేయుదురు. జట్టులో నేదో యొక కారు అందరికంటె ముందుగా గీత దాటెనా, గెలుపు జట్టంతటిది. తాను విరిగిపోయియైనను తోడివానిని గెలిపించువానికి అచ్చట గొప్ప గౌరవము. ఈ జట్ల ఛాంపియన్‌షిప్పునకు చిరకాలముగా పామర్‌స్టన్ నార్త్ అను పట్టణము నెలవై యున్నది. అది జనసంఖ్యలో మన కరీంనగరు కంటె చిన్నది! 2011 జనాభా లెక్కలలోనే మన పట్టణమున 2,61,000 మందికి పైగా నుండిరి. ఆ పట్టణమున లక్షమందియు లేరు. ఐనను ఏటేట అతిథులు వచ్చుచున్నారు. ఏలననగా అచ్చట పందెపు మైదాన మున్నది. దానిని పట్టుకొని బ్రతుకుచున్న క్లబ్బు ఉన్నది. జెండా పట్టువారు మొదలు గాయములకు కట్టు గట్టువారివరకు ఏండ్లతరబడి చేయి తిరిగినవారున్నారు.

ఈ సంగతి విని మా పిల్లవాడు, "చూస్తివా అత్తా, చిన్న ఊరే గద!" అని పొంగిపోయెను. నిజమే. చిన్నయూరు ఆతిథ్యమునకు తగదన్న మాట తప్పు. కాని ఆ చిన్నయూరు ముందుగా ఆటను పెంచుకొనెను. పిదప అతిథులను పిలిచెను. మన రాష్ట్రమున ఈ క్రమమెట్లు నడచినదో చూడుడు.

మనకు స్టాక్ కార్ల జట్ల పందెములు లేవు. వానికి మిక్కిలి దగ్గరైనది 2022 లో వెలసిన ఇండియన్ రేసింగ్ లీగ్. ఇదియు జట్ల పందెమే. హైదరాబాదు, మద్రాసు, బెంగుళూరు, ఢిల్లీ, కొచ్చి, గోవా అను ఆరు పేర్లతో ఆరు జట్లు ఏర్పడినవి. మన స్త్రీలు సంతసింపదగిన విశేష మిందొకటి కలదు: ప్రతి జట్టునందును నొక స్త్రీ చోదకురాలు ఉండవలెనని నియమము చేసిరి. ఈ పందెముల ప్రారంభమునకు హైదరాబాదు నేర్పరచి, హుస్సేనుసాగరు ఒడ్డున సచివాలయము ప్రక్కగా, నెక్లెస్ రోడ్డు మీదుగా పందెపు దారి సిద్ధపరచిరి. అది నిత్యము బస్సులును ఆటోలును నడచు వీథియే. దానికిరువైపుల కాంక్రీటు దిమ్మెలు నిలిపి, కంచెలు కట్టిరి.

2022 నవంబరు 19, 20 తేదీలలో మొదటి పందెములు జరుగవలసి యుండెను. జనులు టిక్కెట్లు కొని వచ్చి కూర్చుండిరి. ప్రమాదములును ఆలస్యములును వరుసగా తగులగా, అసలు లీగ్ పందెము జరుగకయే కార్యక్రమము ముగిసినది. నడుమ పందెములు మద్రాసునకు తరలిపోయినవి. అచ్చట శాశ్వతమైన పందెపు మైదానమున్నది గావున అవి యెట్లో సాగినవి. డిసెంబరు 10, 11 తేదీలలో తుది పందెములు మరల హైదరాబాదునకు వచ్చినవి.

తరువాత రెండు నెలలకే, 2023 ఫిబ్రవరి 11 న, అదే తటాకపు టొడ్డున ఫార్ములా ఈ అను ప్రపంచ ఛాంపియన్‌షిప్పు పందెము జరిగినది. ఇవి పెట్రోలు లేక విద్యుత్తుతో నడచు కార్లు. పదునొకండు జట్లు, ఇరువదిరెండు కార్లు. దారి పొడవు ఇంచుమించు 2.8 కిలోమీటర్లు, మలుపులు 18. భారతదేశమున ఫార్ములా ఈ పందెము జరుగుట అదియే మొదలు. ఫ్రాన్సు దేశీయుడైన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. లోకమంతయు టెలివిజనులలో హుస్సేనుసాగరును, అందలి బుద్ధవిగ్రహమును చూచినది. ఆ దినము చూచి తెలుగువారు గర్వించిరి, నేనును గర్వించితిని. ఆ సంగతి దాచుట న్యాయము గాదు.

విందు బాగుండెను. ఇక పొయ్యి సంగతి. రెండవయేటి పందెము 2024 ఫిబ్రవరి 10 న జరుగవలసి యుండెను. మొదటియేట ఖర్చు వహించిన ప్రైవేటు నిర్వాహకులు తప్పుకొనిరి. అతిథులు వచ్చెదమనుచున్నారు, వండువారు లేరు. అప్పుడు ప్రభుత్వపక్షమున హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ ఆ భారమును తలకెత్తుకొనెను. 2023 అక్టోబరు 30 వ తేదీన ఆతిథ్యనగరపు ఒప్పందము జరిగినది. అది శాసనసభ ఎన్నికల కాలము. డిసెంబరులో ప్రభుత్వము మారినది. 2024 జనవరి 5 న ఫార్ములా ఈ వారు హైదరాబాదు పందెము రద్దైనదని ప్రకటించిరి. క్రొత్త ప్రభుత్వము ఒప్పందమును నెరవేర్ప నొల్లదయ్యెనని వారి ఫిర్యాదు. తగిన అనుమతులు లేకయే ప్రజాధనము చెల్లింపబడినదని ప్రభుత్వము వారి ఆక్షేపణ. సుమారు 55 కోట్ల రూపాయల చెల్లింపును గూర్చి అవినీతి నిరోధక శాఖవారు 2024 డిసెంబరులో కేసు నమోదు చేసిరి. ఎవరి దోషమెంతయో, అసలు దోషమున్నదో లేదో తేల్చుట న్యాయస్థానముల పని. మనము ముందుగా నొకరిని తప్పుపట్టుట ధర్మము గాదు. ఆ పందెములవలన విద్యుత్ వాహనముల పరిశ్రమలు వచ్చునని, నగరమునకు పేరు కలుగునని తలచినవారి వాదమునందును బలము లేకపోలేదు.

కాని దోషమెవరిదైనను గృహిణికి కనబడు సంగతి యొకటే. పిలిచినవా రొకరు. మొదటియేడు వండినవారు వేరొకరు. రెండవయేడు వండబూనినవారు మరియొకరు. తుదకు విస్తరులు లెక్కపెట్టుచున్నవారు ఇంకొకరు. ఇల్లంతయు నెవరిదో వారి నెవరును అడుగలేదు. ఆదిలాబాదునుండి హైదరాబాదు ఇంచుమించు 300 కిలోమీటర్ల దూరమున నున్నది, నాగపురమే దగ్గర. పందెపు దినములలో నెక్లెస్ రోడ్డు మూసిన బాధ ఆదిలాబాదు గృహిణికి తగులలేదు, టెలివిజనులో గాక పందెమును ఆమె చూడను లేదు. కాని సర్కారు వెచ్చించు ప్రతి రూపాయిలో ఆమె కొన్న సబ్బుబిళ్లమీది పన్నును కలసి యున్నది. పిలుపందని చుట్టమునొద్ద చదివింపులు మాత్రము వసూలు చేసిన చందముగా నున్నది.

ఇతరులు ఈ చిక్కు నెట్లు విప్పుకొనిరో చూచినచో మనకు త్రోవ తెలియును. మద్రాసువారి సంగతి ముందు చెప్పెదను. రెండవ ప్రపంచయుద్ధమునాటి షోళవరపు విమానపు దారి యుద్ధము ముగిసినపిదప ఖాళీగా పడియుండెను. దానిమీద మద్రాసు మోటారు క్రీడల క్లబ్బువారు ఏండ్లతరబడి పందెములు నడిపిరి. పాడుపడిన దారి, ఎండ, దుమ్ము, ఐనను వేలకొలది జనులు. ఆ పందెముల ననుభవముతో క్లబ్బువారు శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోటయొద్ద స్వంతముగా పందెపు మైదానము నిర్మించుకొనిరి. 1990 లో అది తెరవబడినది. కోయంబత్తూరు సమీపమున చెట్టిపాళెమున 2003 లో మరియొకటి వెలసినది. ఇవి రాజభవనములవంటివి కావు. కాని ఏటేట పందెములు జరుగుచున్నవి, పిల్లలు నేర్చుచున్నారు.

దీనికి ప్రతిగా ఢిల్లీ సమీపమున గ్రేటర్ నోయిడాలో బుద్ధ అంతర్జాతీయ పందెపు మైదానము గలదు. అయిదు కిలోమీటర్లకు మించిన దారి, మహావైభవము. 2011, 2012, 2013 సంవత్సరములలో ఫార్ములా వన్ పందెములు మూడు జరిగినవి. పిదప పన్నుల తగవులచేతను, ఖర్చుల బరువుచేతను ఆ యతిథి మరల రాలేదు. 2023 సెప్టెంబరులో మోటారు సైకిళ్ల ప్రపంచపు పందె మొకటి వచ్చి పోయినది. మహామందిరము కట్టిరిగాని, దానియందు నిత్యదీపము వెలుగలేదు. గుడి చిన్నదైనను నిత్యనైవేద్యము కావలెనని మన పెద్దలందురు. మద్రాసునకును నోయిడాకును భేద మదియే.

మద్రాసువారును వీథిపందెముల మోజులో పడకపోలేదు. 2023 డిసెంబరులో ద్వీపమైదానముచుట్టు రాత్రివేళ పందెములు నడుప దలచిరి. తుపాను వచ్చి నగరము నీట మునుగగా అవి వాయిదాపడినవి. కొందరు హైకోర్టునకు పోయిరి. ప్రజాధనము ప్రైవేటు పందెమున కేల, ప్రక్కనే గల పెద్ద సర్కారు ఆసుపత్రి రోగుల గతి యేమి, అని యడిగిరి. పందెమును నిషేధింపక, జనుల కిబ్బంది కలుగకుండ నియమములు విధించి, ఖర్చు ప్రజలది గాక నిర్వాహకులదే కావలెనను త్రోవను న్యాయస్థానము 2024 ఫిబ్రవరిలో చూపినది. ఆ పందెములు 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో జరిగినవి. ఆ తీర్పు చదివినప్పుడు నాకు చేటతో కూర్చున్న మా అమ్మయే జ్ఞాపకమునకు వచ్చినది. న్యాయమూర్తులు చట్టపు భాషలో చెప్పినదియు, ఆమె కరీంనగరు మాటలో చెప్పినదియు ఒక్కటే: పిలిచినవారే వండవలెను.

ఇంతకును ఆతిథ్యధర్మమును నేర్చుటకు మనము మద్రాసుదాక పోనక్కరలేదు. ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలమున కేస్లాపురము గలదు. పుష్యమాసపు అమావాస్యనాడు అచ్చట నాగోబా జాతర జరుగును. లక్షల జనులు వత్తురు. ఆ జాతరకు పిలుచువారు మెస్రం వంశపు గోండులు. వారు గోదావరియందలి హస్తినమడుగువరకు పాదరక్షలు లేక నడచిపోయి పూజకు నీరు తెత్తురు. సిరికొండ కుమ్మరులు కుండలు చేసియిత్తురు. వందల కుటుంబములు వచ్చినను మెస్రం వారి వంటకు 22 పొయ్యిలే. వంతులు వేసికొని స్త్రీలు వండుదురు. క్రొత్తగా వంశమున అడుగిడిన కోడండ్రను దేవునియెదుటను, పెద్దలయెదుటను నిలిపి పరిచయము చేయుదురు. క్రొత్త గుడి కట్టవలసి వచ్చినప్పుడును వారు తమలో తాము విరాళములు పోగుచేసికొని కట్టిరి. 2022 డిసెంబరులో దాని ప్రతిష్ఠ జరిగినది. సరిగా ఆ నెలలోనే హుస్సేనుసాగరు ఒడ్డున కార్లు తిరిగినవని తలచుకొన్న మనసున కొక చిత్రమైన భావము కలుగును. సర్కారువారు జాతరకు దారులు చక్కబెట్టుదురు, నీరు, వైద్యము, పోలీసు చూచుకొందురు. అది వారి విధి. కాని పొయ్యి మెస్రం వారిది. అందుచేతనే ప్రభుత్వములు మారినను జాతర మారలేదు.

పందెమునకును జాతరకును సామ్యమేమని మీరడుగవచ్చును. మన పల్లెలలో జాతరనాడు ఎడ్లబండ్లు కట్టుకొని గుడిచుట్టు తిరుగుట మీరెరుగుదురు. మువ్వలు గట్టిన ఎడ్లు, రంగుగుడ్డలు, కేకలు, దుమ్ము. అదియు పందెమునకు చుట్టమే. అందు బండి ఎవరిదో, ఎడ్లెవరివో, బండి బోల్తాపడినచో పూచీ యెవరిదో ఊరందరికి తెలియును. మోటారు పందెమునకును అంతమాత్రపు స్పష్టత కావలెను.

ఇక మన ప్రశ్న: కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములు ఇట్టి పందెములకు ఆతిథ్య మీయ దగునా? మా పిల్లవానికి స్థలమే కనబడుచున్నది. మానేరు కట్ట ప్రక్కను, రామగుండముచుట్టు బొగ్గు తీసి విడిచిన ఓపెన్‌కాస్టు గనుల ప్రక్కను, ఆదిలాబాదున నిజాము కాలపు విమానాశ్రయ స్థలమును, బసంతనగరపు పాత విమానపు దారియు వాని లెక్కలో ఖాళీ నేలలు. కాని నేల ఖాళీగా నుండుట వేరు, దిక్కులేక యుండుట వేరు. విమానపు దారులయొద్ద జనులు విమానములకై ఎదురుచూచుచున్నారు. గనుల నేల ఒకప్పుడు ఊళ్లు. ఆ యూళ్లను విడిచి వచ్చిన స్త్రీలు తమ వాకిళ్ల వేపచెట్లను నేటికిని తలచుకొందురు. జలాశయము మన మంచినీరు. ఈ నేలలను పందెమునకిమ్మని అడుగుటకుముందు వాని పాత యజమానులను అడుగవలెను.

ఐనను వాని కోరికను నేను త్రోసివేయజాలను. దానికి కారణము భయము. రాత్రి పది దాటినపిదప రాజీవ్ రహదారిమీద మోటారు సైకిళ్ల రొద వినబడునప్పుడు ఏ తల్లి గుండె యదరదు? కుర్రవారికి వేగమనగా మోజు. అది పోదు. దానికొక హద్దు గల చోటు, తలకు టోపి, నేర్పువాడు, ప్రక్కన అంబులెన్సు లేనప్పుడు, ఆ మోజు లారీలు నడచు రహదారిమీదికి పోవును. షోళవరము మద్రాసు పిల్లల కిచ్చినది ముఖ్యముగా ఈ హద్దునే. కావున "ఆట వలదు" అనుట తల్లుల మాట కారాదు. "ఆట ముందు, ఆతిథ్యము తరువాత" అనుటయే తల్లుల మాట కావలెను.

ఆట ముందనగా నేమి? ఏ కోట్లును అక్కరలేదు. మన పాలిటెక్నిక్కులందును, ఐ.టి.ఐ. లందును ఇంజను విప్పి బిగించు విద్య నేర్పుచున్నారు. అందుండి పిల్లలు ఒక పాత కారును బాగుచేసి, కోయంబత్తూరునకో మద్రాసునకో జట్టుగా పోవచ్చును. పందెమునకు చోదకుడు ఒక్కడే కాదు. చక్రము మార్చువారు, నూనె చూచువారు, కాలము లెక్కించువారు, మలుపుమలుపున జెండా పట్టి ప్రమాదము తెలుపువారు, మంట లార్పువారు, ప్రథమచికిత్స చేయువారు, వీరందరును కావలెను. ఈ పనులలో ఆడపిల్ల చేయజాలనిదేది? మా అన్నగారి కుమార్తె స్పానరు పట్టుటలో అన్నకంటె నేర్పరి. లీగ్ వారు ప్రతి జట్టునను ఒక స్త్రీ యుండవలెనని నియమము పెట్టినప్పుడు, ఆ స్థానమునకు సిద్ధపడిన తెలుగుబిడ్డ లెందరు? పిలిచిన పేరునకు పలుకువారు లేకపోవుట ఆతిథ్యము తప్పిపోవుట కంటె పెద్ద లోటు. జట్టునకు హైదరాబాదు పేరు పెట్టవచ్చును. జట్టును పెంచుట వేరు.

కావున ఎవరు ఆతిథ్య మీయదగుదు రన్న ప్రశ్నకు నా సమాధాన మిది. ఎవరి యూరిలో ఆట ఏడాది పొడుగునను నడచుచున్నదో వారు. ఎవరు తమ ఖర్చు తాము వహించి, లెక్కలు అందరికి చూపగలరో వారు. పందెపు దినమున గర్భిణిని ఆసుపత్రికి తీసికొనిపోవు దారి ఎవరి యూరిలో మూతపడదో వారు. ఇరుగుపొరుగువారిని ముందుగా నడిగి, వారు సరే యన్నపిదప డప్పు కొట్టించువారు. ఈ కొలత పెట్టి చూచినచో నేడు చెట్టిపాళెమును, ఇరుంగాట్టుకోటయును ముందు నిలుచును. హైదరాబాదు పెద్దదైనను, నిత్యము నడచు వీథిని మూసి విందు పెట్టుటకంటె, ఊరిబయట నొక చిన్న మైదానమును పెంచుకొనుట మేలు. సర్కారు దారి వేయవచ్చును, నీరీయవచ్చును, పిల్లలకు శిక్షణ నీయవచ్చును. పొయ్యి మాత్రము పిలిచినవారు పెట్టవలెను. మనకు ఆతిథ్యము దక్కలేదని చిన్నబోవలసిన పనిలేదు. చేతగానివిందు పెట్టి మాటపడుటకంటె, చేతనైనవాని యింటికి మంచి జట్టును పంపుట గౌరవము.

ఈ మాటలన్నియు ఆ రాత్రి పిల్లలతో చెప్పితిని. పిల్లవాడు కొంతసేపు మౌనముగా నుండి, "అయితే ముందు కారు చూడాలె" అనెను. వాని చెల్లెలు, "నడిపేది నేను, నెట్టేది నువ్వు" అనెను. మా అమ్మ చేటలోని మట్టిగడ్డలను ఏరి పారవేయుచు, "గెలిచి రాండ్రి. గెలిస్తె మన కరీంనగరు వెండి తీగపనోళ్లతోటి గిన్నె చేపిద్దాం. అప్పుడు పిలుద్దాం ఊరోళ్లను, పొయ్యి నేనే పెడత" అనెను.

సోదరీమణులారా! మన యిండ్లలో పందెముల ముచ్చట వచ్చినప్పుడు మీరును ఆమె మాదిరి రెండు ప్రశ్నలడుగుడు. పిలిచెడివారెవరు? వండెడివారెవరు? ఈ రెండింటికి ఒకే పేరు జవాబుగా వచ్చిననాడు, పందిరి వేయుడని మనమే ముందుగా చెప్పుదము.